కాపలా మాత్ర

హైమవతి మేడం మీద మాలకొండయ్యకున్న కక్ష ఒక్కటే. ఆమె తనని అడిగింది.

ఆమె చదువుకున్న మనిషి. పేగుల్లో కూర్చుని కాపలా కాసే కెమెరాని తన చేత్తో తయారుచేసిన మనిషి. అట్లాంటి మనిషి, ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి బోర్లలోకి కెమెరా దించుకుని బతికేవాణ్ణి లోపలికి పిలిచి, కుర్చీ వేసి, "మీరేమంటారు మాలకొండయ్య గారూ, పైనా, కిందా?" అని అడగొచ్చా? అడిగిందే పో, వాడు చెప్పింది నమ్మొచ్చా?

ఈ మాట అతను టీ కొట్టు దగ్గర చెప్పాడు. క్షవరం చేయించుకుంటూ చెప్పాడు. వినేవాడు దొరక్కపోతే వ్యాను తోలుకుంటూ తనకు తనే చెప్పుకున్నాడు. "పుట్టి బుద్ధెరిగాక నన్ను గారూ అన్న మనిషి ఆమె ఒక్కతే. దానికి పడిపోయినా నేను" అనేవాడు చివర్లో. వినేవాళ్లు గ్లాసు కింద పెట్టి లేచేవాళ్లు.

కనిగిరి చుట్టుపక్కల ఏ ఊళ్లో బోరు ఎండినా, మోటారు లోపల ఇరుక్కున్నా ముందు కెమెరా మాలకొండయ్యకే ఫోను వెళ్తుంది. వ్యాను వెనక పెద్ద చక్రం, చక్రానికి చుట్టిన తీగ, తీగ చివర మొక్కజొన్న కండె అంత కెమెరా. కేసింగు పైపులోంచి దాన్ని దించుతుంటే చిన్న టీవీలో బోరు గోడ కనపడుతుంది. రైతు కళ్లార్పకుండా టీవీ చూస్తాడు, మాలకొండయ్య గోడ చదువుతాడు. ఇక్కడ రాయి పగిలింది. ఇక్కడ ఊట ఉండేది, చచ్చిపోయింది. ఇరవై రెండేళ్లుగా అదే చదువు. ఆ చదువులో అతను ఎన్నడూ తప్పని సూత్రం ఒకటుంది. గోడ మీద తడి కనపడితే ఊట అక్కడ లేనట్టు. ఊట దానికి పైన ఎక్కడో ఉంటుంది. నీళ్లు దిగుతాయి గానీ ఎక్కవు.

అతని భార్య వెంగమ్మ. పిల్లల్లేరు. ఇంటి వెనకే ఆమె తల్లి పోతూ పోతూ విడిచిన చేను. ఎర్ర నేల. అందులో నాలుగు బోర్లు వేశారు. నాలుగూ పొడి దుమ్మే కక్కాయి.

ఆమెకు ముందు వచ్చింది ఆయాసం. బిందె ఎత్తితే గుండె దడ. కనురెప్ప కిందికి లాగి చూసి ఆర్‌ఎంపీ ఇనప మాత్రలు రాసిచ్చాడు. దొడ్డికి తారులా నల్లగా పోతుంటే, ఇనప మాత్రలకి అట్లాగే ఉంటుందిలే అనుకుని ఏడు నెలలు ఎవరికీ చెప్పలేదు. అది లోపల కారిన రక్తమని, కారి కారి నల్లబడి వస్తున్నదని తెలిసేసరికి మనిషి పాలిపోయి సున్నం కొట్టిన గోడలా అయింది.

ఒంగోలులో పైనుంచి గొట్టం వేసి చూశారు. ఏమీ లేదు. కింది నుంచి వేసి చూశారు. ఏమీ లేదు. రెండు గొట్టాలూ అందని చిన్నపేగు మధ్యలో ఇరవై అడుగులుంది. దాన్ని చూడటానికి కెమెరా ఉన్న మాత్ర మింగించారు. అది ఎనిమిది గంటలు బొమ్మలు తీసుకుంటూ పోయి, మర్నాడు పొద్దున బయటికి వచ్చేసింది. ఒక్క రక్తం చుక్క కూడా కనపడలేదు.

"ఆ రోజు కారలేదు కాబట్టి కనపళ్లేదు" అన్నాడు మాలకొండయ్య డాక్టరుతో. "ఊట ఎప్పుడొస్తదో దానిష్టం. ఎండిన పూట కెమెరా దించి నీళ్లు లేవంటే ఎట్లా? అది అక్కడే కూకోని ఉండాల."

డాక్టరు అతని వంక వింతగా చూశాడు. "గుంటూరు అవతల ఒకావిడ పరిశోధనశాల పెట్టుకుని అచ్చం ఈ మాటే అంటున్నారు. పోయి కలవండి."

రక్తం ఎక్కించుకోవడం, నెల తిరక్కుండా అది కారిపోవడం. తిరుగు బస్సులో వెంగమ్మ నవ్వింది. "నేనూ మన చేలో బోరూ ఒకటే అయ్యా. ఎంత లోతు దిగినా ఏమీ తేలదు."

*

హైమవతికి యాభై దాటి ఉంటాయి. పొట్టిగా, నెరిసిన జుట్టు ముడేసుకుని, పంతులమ్మలా ఉంది. పాఠం చెప్పలేదు. గాజు గ్లాసులో నీళ్లు పోసి ఒక మాత్ర వేసింది. చింతగింజ కంటే కొంచెం పెద్దది. ఊరికే తేలుతోంది. ఆమె సూదితో తన వేలు పొడుచుకుని ఒక్క చుక్క అందులో రాల్చింది.

మాత్ర కదిలింది. చుట్టూ ఆరు వెంట్రుకలు విచ్చుకున్నాయి. గ్లాసు గోడను పట్టుకుని, లోపల దీపం వెలిగించుకుని చుక్క పడిన వైపు చూసింది. బల్ల మీద టిఫిన్ డబ్బా అంత పెట్టె 'టుంయ్' మంది. దాని తెర మీద అక్షరాలు పడ్డాయి. రక్తం కనిపించింది.

"పల్లేరు కాయ పట్టుకున్నట్టు పేగును పట్టుకుంటుంది. గుచ్చుకోదు" అంది హైమవతి. "నిద్రపోతూ ఉంటుంది. రక్తంలో ఇనుము రుచి తగిలితే లేస్తుంది. నెలైనా సరే, రెండు నెలలైనా సరే."

"కరెంటో?" అన్నాడు మాలకొండయ్య.

"ఒంట్లో తడే దానికి కరెంటు. తడి ఉన్నంతకాలం బతుకుతుంది. పనయ్యాక అయస్కాంతం చూపిస్తే వదిలేసి బయటికి వచ్చేస్తుంది."

వెంగమ్మ గ్లాసులోకి తొంగి చూసింది. "అయితే నా ఒంట్లో తిని నాకే కాపలా కాస్తదా అమ్మా?"

"అంతేనమ్మా."

"కాయనీలే. ఇంట్లో ఇప్పటికే ఒకడున్నాడు, తిని కాపలా కాసేవాడు."

హైమవతి పడీ పడీ నవ్వింది. అంతగా నవ్వే మనిషి మోసం చేయదులే అనుకున్నాడు మాలకొండయ్య. వెంగమ్మ ముగ్గురు దేవుళ్ల పేర్లు చెప్పుకుని మాత్ర మింగింది.

ఇరవై రెండు రోజులు పెట్టె నోరు మెదపలేదు. దాన్ని మంచం పక్క కొయ్యకు తగిలించారు. బొమ్మలు అందుకోవడం పెట్టె పని, చార్జింగు పెట్టడం మాలకొండయ్య పని. బోర్లకు పోవడం మానేశాడు. ఇరవై మూడో రోజు పొద్దున వెంగమ్మ కళ్లు తిరిగి పడబోయింది. తల పల్లంలో ఉంటే కళ్లు తిరగవని ఆమె తల్లి చెప్పేది. అతను మంచం కాళ్ల వైపు రెండు కోళ్ల కిందా ఇటుక మీద ఇటుక పెట్టి ఎత్తుచేసి, తల పల్లానికి ఉండేలా ఆమెను పడుకోబెట్టాడు.

మధ్యాహ్నం మూడింటప్పుడు పెట్టె మోగింది.

ఇన్నేళ్లలో అతను ఎన్నో గోడలు చూశాడు గానీ అట్లాంటి గోడ చూడలేదు. గులాబీ రంగు. తడిసిన పట్టుబట్టలా మెత్తగా ఉంది. ఊపిరి తీసుకుంటోంది. దాని మీద ఎర్రగా సన్నటి చార. వెంగమ్మ ఒక్కసారి చూసి మొహం తిప్పుకుంది. "నన్ను నాకు చూపించమాక అయ్యా" అంది.

*

సాయంత్రానికి ఆమెను గుంటూరు ఆస్పత్రిలో చేర్చారు. ఒంట్లో రక్తం ఐదు గ్రాములకు పడింది. ఆపరేషన్ చేసే సర్జన్ చేతులు కడుక్కోవడానికి సిద్ధంగా ఉన్నాడు. మాత్ర ఎక్కడ కూర్చుందో తెలిసింది, బొడ్డుకు ఎడమ పక్కన. చార కూడా ఉంది. చారకు మొదలు మాత్రకు పైనా, కిందా అన్నది తేలాలి. ఇరవై అడుగుల పేగును ముక్కలు చేసి వెతకలేరు కదా. ఒక జానెడు కోయాలి. ఏ జానెడు?

హైమవతి అతన్ని లోపలికి పిలిచింది. గోడంత తెర మీద అదే బొమ్మ. "నోటి వైపు ఎప్పుడూ బొమ్మకు పైన ఉంటుంది, మీ బోరు టీవీలో లాగే" అంది. "మిషను లెక్కగట్టి కింద అంటోంది. ఇట్లాంటి లెక్కే పోయిన పరీక్షల్లో మూడుసార్లు తప్పు చెప్పింది. నాకు గురి కుదరడం లేదు. మీరు ఇరవై రెండేళ్లుగా గోడలు చూస్తున్నారు." అప్పుడే కుర్చీ జరిపింది. "మీరేమంటారు మాలకొండయ్య గారూ, పైనా, కిందా?"

అతను తెర దగ్గరికి నడిచాడు. చార పైన సన్నం, కింద లావు. జారి జారి కింద చేరినట్టే ఉంది. లోపలెక్కడో గర్వం లాంటిది కదిలింది. ఆ సంగతి అతను టీ కొట్టు దగ్గర చెప్పడు.

"పైనే మేడం. తడి కిందుంటే ఊట పైన. ఇందులో అడగడానికేం లేదు."

పైన కోశారు. పదకొండు రోజులు ఆమె బాగుందన్నారు. పన్నెండో రోజు మళ్లీ తారు మొదలైంది. ఈసారి ఆగలేదు. రెండో ఆపరేషన్‌కు తట్టుకునే ఒళ్లు మిగల్లేదు. పోయేముందు వెంగమ్మ మాలకొండయ్య చెయ్యి పట్టుకుని, "నువ్వు చూసినావు గదా, ఇంకేం దిగులు" అంది. అతని చేత సంతకం పెట్టించుకున్నవాళ్లు గానీ, శవాన్ని బండి ఎక్కించినవాళ్లు గానీ లోపలున్న మాత్ర సంగతి తలుచుకోలేదు.

*

వాళ్లల్లో కాల్చడం లేదు, పూడ్చడమే. వెంగమ్మను ఆమె తల్లి చేలోనే, ఇంటి గోడకు వంద అడుగుల దూరంలో పూడ్చారు. పెద్దదినం అయింది. బంధువులు పోయారు. మాలకొండయ్య ఆ మంచం మీదే పడుకున్నాడు. తల ఎత్తులో ఉంటే తన దగ్గు తగ్గుతుందని, ఇటుకలున్న వైపే తలపెట్టి పడుకునేవాడు. ఇటుకలు తీసేవాళ్లెవరు?

ఎనిమిది నెలలు తిరిగాక తొలకరి వాన ఒక మధ్యాహ్నం పడింది. వేడి నేల మీద నీళ్లు పడ్డ వాసన ఇల్లంతా నిండింది. వాన వెలిసిన గంటకు కొయ్యకున్న పెట్టె 'టుంయ్' మంది.

రక్తం కనిపించింది.

అతను అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. లేచి చూస్తే తెర నిండా ఎరుపు. గులాబీ గోడ లేదు, ఊపిరి లేదు. తడిసిన చిక్కటి ఎరుపు, అందులో ఒక వేరు తెల్లగా.

అర్థమవడానికి అతనికి రెండు వానలు పట్టింది. ఒళ్లు మట్టయి మాత్ర మిగిలింది. ఎర్రమట్టిలో ఇనుముంది. నేల ఎండినన్నాళ్లూ మాత్ర నిద్రపోతుంది. వాన దిగితే తడి తగులుతుంది, ఇనుము రుచి తగులుతుంది, లేచి దీపం పెట్టి చూస్తుంది. రక్తం అనుకుంటుంది. దానికి చెప్పేవాళ్లెవరు, ఇక చాలు అని?

అతనూ చెప్పలేదు. పెట్టెకు చార్జింగు పెట్టడం మానలేదు. వాన పడితే పని వదిలి ఇంటికొచ్చి కొయ్య కింద కూర్చునేవాడు. "ఏందే, తడిసినావా?" అనేవాడు. ఒకసారి వరసగా మూడు రోజులు ముసురు పట్టింది. మూడు రోజులూ పెట్టె ఊపిరాడనట్టు మోగుతూనే ఉంది. అతను చెవుల్లో దూది పెట్టుకున్నాడు గానీ దాన్ని ఆర్పలేదు.

వెంగమ్మ తమ్ముడు చెంచయ్య నెలకోసారి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. "బావా, అది మా అమ్మ చేను. అక్క లేదు, పిల్లల్లేరు. చట్టప్రకారం మాకే వస్తదని వకీలు చెప్పినాడు. నాకు ఇద్దరు మగపిల్లలు."

"మీ అక్క అక్కడే ఉంది. లేదంటావేంది?"

"ఉంటే పలకమను."

"పలుకుతుంది. వాన పడినప్పుడు రా."

చెంచయ్య బావకు మతి చలించిందనుకున్నాడు. కోర్టుకు పోతే పదేళ్లు పడుతుందని, బావ అంతకాలం ఉండడనీ లెక్కేసుకుని పోయాడు.

*

వెంగమ్మ పోయిన పద్నాలుగో నెలలో హైమవతి వచ్చింది. కారు దూరంగా ఆపి, చెప్పులు చేతపట్టుకుని బురదలో నడిచొచ్చింది. మనిషి చిక్కి సగమైంది. మాత్రల పని ఆపించేశారని చెప్పింది. పరీక్షకని మింగిన మిగతా ఐదుగురి మాత్రలూ తీసేశారట.

"ఈ పెట్టె పంపే బొమ్మలు మా దగ్గరికీ వస్తున్నాయి" అంది. "ఇంతకాలం ఏదీ బతకలేదు. మీరొప్పుకుంటే దాన్ని తీసుకుపోవాలని. మీరొప్పుకుంటేనే."

"తవ్వుతారా?"

"తవ్వాలి" అంది ఆమె.

ఆమెను ఎట్లా తిట్టాలో పద్నాలుగు నెలలుగా సాధన చేసిన మనిషి, ఆమె ఎదురుగా కూర్చుంటే లేచి కొయ్య దగ్గరికి పోయాడు. పెట్టె దించి బొమ్మలు చూపించాడు. అతనికి తెలిసిన చదువు అదొక్కటే. "ఇది చూడండి మేడం. వాన ఆగి పది రోజులైనా ఇటు పక్క తడి ఆరలా. ఇది వాననీళ్లు కాదు, ఊట. మేం నాలుగొందల అడుగులు తవ్వినాం, నీళ్లు పైపైన్నే పోతన్నయి. కాకపోతే ఎటునించి వస్తందో తేలటంలా. ఈ మూల చుక్కొకటి ఉంది, బొమ్మ బొమ్మకీ తిరగతా ఉంటది. ఏందది?"

"అది తాపీమేస్త్రి రసమట్టం లాంటిది. చుక్క ఎటుంటే నేల అటు. మట్టి కుంగినప్పుడల్లా మాత్ర దొర్లుతుంది కదా, చుక్క తిరుగుతుంది." ఆగింది. "మీకు ఇదివరకు చెప్పలేదా నేను?"

"చెప్పలేదు."

"మీ బోర్లలో దాని అవసరం ఉండదు. ఎప్పుడూ నిలువే."

మాలకొండయ్య బొటనవేలితో బొమ్మలు వెనక్కి తోశాడు. ఎరుపు, ఎరుపు, ఎరుపు, పోయి పోయి గులాబీ గోడ దగ్గర ఆగింది. మొట్టమొదటి బొమ్మ. చుక్క నెత్తి మీద, నోటి వైపు ఉంది.

"ఆ చుక్కను బట్టే మిషను కింద అన్నది" అంది హైమవతి మెల్లగా. "నేల తల వైపు ఉంటే రక్తం తల వైపే కదా పారుతుంది. ఊట కింద, చార లావుగా ఉన్నచోట ఉన్నట్టు. కానీ మంచం మీద పడుకున్న మనిషికి నేల తల వైపు ఎట్లా ఉంటుంది? తల పల్లంలో ఉంటే తప్ప ఆ చుక్క అక్కడికి రాదు. ఇంతకు ముందు మూడుసార్లు జరిగినట్టే చుక్కే జారిందనుకున్నాను. అందుకే మిమ్మల్ని అడిగాను."

బయట ఎవరిదో గేదె అరిచింది. మాలకొండయ్య చూపు ఆమె భుజం మీదుగా మంచం కోళ్ల దగ్గరికి పోయింది. ఇటుక మీద ఇటుక. అటు రెండు, ఇటు రెండు. పద్నాలుగు నెలల దుమ్ము.

"అడక్కుండా ఉండాల్సింది మాలకొండయ్య గారూ" అంది ఆమె. "ఆ భారం మీ మీద వేయకుండా ఉండాల్సింది. ఈ మాట చెప్పడానికే వచ్చాను. మాత్ర ఒక సాకు."

అతని దగ్గరున్న ఒక్కగానొక్క కక్ష. దాన్ని కూడా ఆమె తన నోటితో అనేసి తీసుకుపోయింది. ఇటుకల మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట చెబితే ఆమె తన మిషను తప్పు కాదని తెలుసుకుని, బహుశా మళ్లీ పని మొదలుపెట్టి, ఇంకెవరి ఇంట్లోనో ఇంకెవరినో బతికించేది.

"టీ తాగుతారా మేడం?" అన్నాడు.

ఆమె వద్దంది. అతను తవ్వొద్దన్నాడు. ఆమె చెప్పులు చేతపట్టుకుని వచ్చిన దారినే పోయింది.

*

వారం తిరక్కుండా మాలకొండయ్య తనే చెంచయ్య ఇంటికి పోయాడు. కాగితాలు రాయించు, సంతకం పెడతానన్నాడు. చెంచయ్య అనుమానంగా చూశాడు. "ఏమడుగుతావు బావా దీనికి?"

"ఏమీ వద్దు. సమాధి మీద నాగలి పెట్టొద్దు. అంతే."

సంతకమయ్యాక చేలోకి తీసుకుపోయాడు. అంతకు ముందు రెండు రోజులు కొయ్య కింద కూర్చుని, పాత బొమ్మలన్నిటిలో చుక్క ఎటుందో చూసి, తడి ఎటుందో చూసి, ఒక్కో బొమ్మనూ తిప్పి తిప్పి చదివాడు. సమాధికి తూర్పున పన్నెండు అడుగులు కొలిచి కర్ర పాతాడు.

"ఇక్కడ బావి తవ్వించు. బోరు కాదు, బావి. ఇరవై అడుగుల్లోపు పడతయి."

"నాలుగు బోర్లేసినా రాలేదు గదా బావా. ఏ ధైర్యంతో చెబతన్నావు?"

"ఈసారి పల్లం ఎటో చూసుకునే చెబతన్నా" అన్నాడు మాలకొండయ్య. చెంచయ్యకు అర్థం కాలేదు. అడగనూ లేదు.

పద్దెనిమిది అడుగుల దగ్గర ఊట పడింది. చెంచయ్య కొబ్బరికాయ కొట్టాడు. ఇప్పుడా చేలో బత్తాయి మొక్కలున్నాయి. రోజూ ఉదయం ఎనిమిదింటికి మోటారు వేస్తారు. నీళ్లు కాలవలో పారి, సమాధి పక్కగా మళ్లి, ఎర్రమట్టిలోకి ఇంకుతాయి. తొమ్మిది దాటాక ఇంటి గోడ ఇవతల పెట్టె మోగుతుంది. రక్తం కనిపించింది. ఇప్పుడు దానికి వానతో పనిలేదు. రోజూ చెబుతుంది.

మాలకొండయ్య రోజూ చార్జింగు పెడతాడు. ఇటుకలు తీయలేదు. తల మాత్రం పల్లం వైపు పెట్టి, ఆమె పడుకున్నట్టే పడుకుంటున్నాడు. దగ్గు ఎక్కువైంది. టీ కొట్టు దగ్గర హైమవతి మేడం మీద అదే మాట, అదే గారూ. ఇటుకల సంగతి ఎవరికీ చెప్పలేదు. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా జాలిపడి, ఆ డాక్టరమ్మ వల్ల నీకు ఎంత పోయిందయ్యా అని అడిగితే, చెంచయ్యకు రాసిచ్చిన చేను పాసుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెబుతాడు. సర్వే నంబరు రెండువందల పద్నాలుగు బై రెండు, మెట్ట, ఎకరా ముప్పై రెండు సెంట్లు.